వెదురుమెరకలో చుట్టాల నీళ్ళు

మా స్కూలుకు వేసవి సెలవులిచ్చిన మర్నాడు నేను వీధి అరుగు మీద వాలుకుర్చీ వేసుకున్నాను. జూన్ దాకా అందులోంచి లేవకూడదన్నది నా నిశ్చయం. అరగంటలో లేవాల్సి వచ్చింది. డాక్టరుగారు కబురు పంపారు.

డాక్టరుగారంటే రాజమండ్రిలో మా వీధి చివర ఆసుపత్రి నడిపే ఆయన. పగలు పట్నం రోగాలు కుదిర్చి, మిగిలిన టైములో పల్లెటూళ్ళ రోగాలు కుదర్చడానికి ఒక సంఘం కూడా నడుపుతారు. నేను వెళ్ళేసరికి ఆయన ఎదురుగా ఒక దొరసాని పిల్ల కూర్చుని ఉంది. మనిషి తాటిచెట్టులో సగం ఉంటుంది, జుట్టు ఎండిన వరిగడ్డి రంగు. పేరు కారిన్. స్వీడన్‌లో నర్సు చదువు చదువుతోందట. మన పల్లెల్లో మూడు నెలలుండి, ఒళ్ళూ నీళ్ళూ నేలా పాడుచేసుకోకుండా బతకడం ఎలాగో చెప్పడానికి, జీతం బత్తెం లేకుండా సముద్రాలు దాటి వచ్చింది.

"మేష్టారూ, మీరీ అమ్మాయి వెంట వెదురుమెరక వెళ్ళి, ఆవిడ చెప్పింది వాళ్ళకి తెలుగులో చెప్పాలి" అన్నారు డాక్టరుగారు.

నేను ఇంగ్లీషు మేష్టారినే. కాని నా ఇంగ్లీషు విన్న ఇంగ్లీషువాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళుగా పాఠం చెప్పుకొస్తున్నాను. అయినా సరే అన్నాను. డాక్టరుగారు చెప్పిన సంగతి అలాంటిది మరి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసేముందు వెదురుమెరక వాళ్ళు కాలువ నీళ్ళు పెట్టి మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. మళ్ళీ కాలువలు వదిలేదాకా ఊరంతటికీ తాగడానికి ఆ నీళ్ళే. బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. చెరువు తగ్గేకొద్దీ నీళ్ళు పచ్చబడతాయి, పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. కిందటేడు ఇద్దరు పసిపిల్లలు పోయారు. కాచి తాగమని చెప్పడానికి ఆయన మనుషులు రెండుసార్లు వెళ్ళారు, రెండుసార్లూ అక్కడ భోజనాలు చేసి వచ్చేశారు.

"ఇదే ఆఖరు. వచ్చే వారం శనివారం నేనే వచ్చి చూస్తాను. పిల్లలు కాచిన నీళ్ళు తాగుతూ కనిపిస్తే ఈ అమ్మాయి కాలువలు వదిలేదాకా అక్కడే ఉంటుంది. లేదంటే ఆ ఊరు వదిలేస్తాం. ఈవిడ మా ఆఫీసులో కూర్చుని కరపత్రాలు మడతపెడుతుంది" అని, ఆఖరి ముక్క ఇంగ్లీషులో కూడా అన్నారు. పాపం ఆ పిల్ల మొహం కందగడ్డయింది.

శుక్రవారం పొద్దున్నే ఆరు గంటలకు రాజమండ్రిలోని కోటిపల్లి బస్టాండులో కలుసుకున్నాం. ఆవిడ సామానంతా వీపు మీద ఒక్క సంచిలో ఇమిడిపోయింది. నా సామానులో హోల్డాలు, ట్రంకుపెట్టె, గొడుగు, మరచెంబు, మా ఆవిడ కట్టిచ్చిన ఆవకాయ జాడీ, ఆ జాడీకి దెబ్బ తగలకుండా చుట్టిన బొంత ఉన్నాయి. కూలీ ఒకసారి నావైపు, ఒకసారి ట్రంకుపెట్టె వైపు చూసి, ఏమండీ కాపురం మార్చేస్తున్నారా అని అడిగాడు.

రామచంద్రపురం బస్సు వచ్చీ రాగానే నాలుగూళ్ళ జనం ఒక్క తలుపులోంచి ఎక్కబోయారు. నేను కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాను. కారిన్‌కి ఈ ఏర్పాటు తెగ నచ్చేసింది. తన టోపీ తీసి పక్క కిటికీలోంచి విసిరింది. అది తిన్నగా వెళ్ళి లోపల నిద్రపోతున్న ఒక పెద్దాయన నెత్తిన కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచి, టోపీ తడుముకుని, కిటికీలోంచి దొరసానిని చూసి, మారుమాట్లాడకుండా లేచి సీటిచ్చేశాడు. టోపీ మాత్రం ద్వారపూడి దాకా తియ్యలేదు.

టిక్కెట్లు రెండు రూపాయల చిల్లరతో అయిపోయాయి. పక్క సీటావిడ అడగాల్సినవన్నీ మండపేట లోపే అడిగేసింది. పెళ్ళయిందా, తోడబుట్టినవాళ్ళెందరు, మీ వైపు వరి పండుతుందా, మీ అమ్మ నిన్నింత దూరం ఎలా పంపింది. నేను అన్నీ ఇంగ్లీషులో అడిగి, జవాబులన్నీ తెలుగులో చెప్పాను. మధ్యలో తాపేశ్వరంలో కాజాలు కొన్నాం. కొరికేముందు జాగ్రత్త అని నేను చెప్పబోతుండగానే ఆవిడ కొరికింది. పాకం ఎగిరి ముందు సీటాయన చొక్కా మీద పడింది. ఆయన వెనక్కి తిరిగి, ఫరవాలేదండీ, తాపేశ్వరంది కదా అన్నాడు. ఆ మాట తెలుగు చేసినందుకు, అంటే ఇంగ్లీషు చేసినందుకు, ఆవిడ ఎంత నవ్విందంటే మిగతా కాజా కూడా ఆయన చొక్కాకే దక్కింది.

రామచంద్రపురంలో బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు తిన్నాం. వెళ్ళదలచినవాళ్ళు అక్కడ ఉప్మా కూడా అడగండి, అడక్కపోతే తర్వాత ఏడవాలి. అక్కణ్ణుంచి ఇంకో బస్సు. పదకొండింటికి కోటిపల్లి రేవులో దిగాం. వేసవి గోదావరి కదా, రేవు ఇక్కడుంటే నీళ్ళు అక్కడెక్కడో ఉన్నాయి. మధ్యలో ఇసుక. ఆ ఇసుకలో అప్పడాలు వేయించుకోవచ్చు. నా చెప్పు తెగి ఒంటికాలి మీద గెంతుతూ ఉంటే, కారిన్ నా ట్రంకుపెట్టె తను ఎత్తుకుంది. చూసినవాళ్ళు నేనేదో జమీందారుననీ, ఆవిడ నా పాలేరనీ అనుకుని ఉంటారు.

రేవు దాటించే పంటు మీద మాతో పాటు రెండు గేదెలు, ఒక పెళ్ళివారి మంచం, ఒక కొబ్బరికాయల వర్తకుడు ఎక్కారు. వర్తకుడు గేదెల మధ్యనుంచి మెడ చాచి అడిగాడు.

"అమ్మాయిగారు ఏం పని మీద వచ్చారండి?"

"నీళ్ళు కాచుకుని తాగమని చెప్పడానికొచ్చారండి."

ఆయన కాసేపు గోదావరిని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా చూశాడు.

"ఇన్ని నీళ్ళాండి?" అన్నాడు.

ముక్తేశ్వరం ఒడ్డున మాకోసం ఎడ్లబండి వచ్చింది. పంపినాయన వెంకట్రాయుడుగారు, వెదురుమెరక తూర్పువీధిలో పెద్ద రైతు, మా బస వాళ్ళింట్లోనే. బండి కాలువగట్టు వెంట ఊగుతూ నడిచింది. కట్టేసిన కాలువలో అక్కడక్కడ మడుగులు మిగిలాయి. ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండు. పేరు చూసి మోసపోకండి, వెదురుమెరకలో వెదురూ లేదు, మెరకా లేదు. కొబ్బరిచెట్లు, రెండు వీధులు, ఆ రెండు వీధుల మధ్య తాతలనాటి పంతం, ఆ పంతానికి సరిగ్గా మధ్యలో చెరువు. ఇంతే ఊరు.

ఆవిడ బండి దిగి తిన్నగా చెరువు దగ్గరికి పోయింది. నీళ్ళు పెసరకాయ రంగులో ఉన్నాయి. ఒక పక్క ఆడవాళ్ళు బిందెలు ముంచుతున్నారు, ఒక పక్క చాకిరేవు, మూడో పక్క గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి తపస్సు చేస్తున్నాయి. మనమైతే ముక్కు మూసుకుంటాం. ఆవిడ మొహం మాత్రం పెళ్ళిపందిరి చూసిన పిల్ల మొహంలా వెలిగిపోయింది. చెయ్యడానికి ఎంత పనుందో చూడండి మాస్టర్ అంది.

వెంకట్రాయుడుగారి భార్య మహలక్ష్మమ్మగారు. ఆ ఇంటి పెత్తనమంతా ఆవిడదే, రాయుడుగారు సంతకాలు మాత్రం పెడతారు. ఆవిడ వడ్డించిన భోజనం సంగతి నేను వివరంగా రాస్తే సంపాదకులు కాగితం చాలదంటారు. పనసపొట్టు కూర దగ్గర మొదలై గడ్డపెరుగు దగ్గర ఆగింది. ఆగిందనుకుని చెయ్యి కడగబోతే ముంజలు వచ్చాయి. కారిన్ వచ్చే దారిలో నేర్చుకున్న తెలుగు ఒక్కటే, మాట చివర అండి చేర్చడం. చాలండి, బాగుందండి అంది. గుమ్మంలోకి వచ్చిన పిల్లితో పొండి అంది. ఆ సాయంత్రానికి ఆ పిల్లి కూడా ఆవిడ చుట్టూ తిరగడం మొదలెట్టింది.

దీపాలు పెట్టే వేళకు కామయ్యగారి కొట్టు ముందు మీటింగు. కామయ్యగారు కిరాణా వర్తకులు, పడమటి వీధికి పెద్ద. అంటే రాయుడుగారు అవునంటే కాదనాల్సిన బాధ్యత ఆయనది. రెండు వీధులూ వచ్చాయి. కారిన్ చెరువు నీళ్ళు గాజు సీసాలో పట్టి చూపించింది, బొమ్మలు చూపించింది, చేతులతో, కళ్ళతో, మోకాళ్ళతో కూడా చెప్పింది. నేను నా శక్తికొద్దీ తెలుగు చేశాను. ఆవిడ రెండు నిమిషాలు చెప్పింది నేను పావుగంట చేశానని తర్వాత కామయ్యగారు అన్నారు. ఆఖర్న, రేపటినుంచి అందరూ కాచిన నీళ్ళే తాగుతారా అని అడిగితే ఊరంతా ఒక్క గొంతుతో అలాగేనండి అంది. ఆనందం పట్టలేక కారిన్ నా చెయ్యి పట్టుకుని ఊపితే భుజం కీలు ఊడినంత పనైంది.

తెల్లారి చూస్తే ఏ పొయ్యి మీదా నీళ్ళు లేవు. అందరూ చెరువు నుంచి బిందెలు తెచ్చుకుని, గుడ్డలో వడగట్టుకుని, చక్కగా తాగుతున్నారు. ఒప్పుకున్నారు కదా అని కారిన్ నన్ను నిలదీసింది. మా వైపు పెద్దల ముందు, పైగా దూరం నుంచి వచ్చిన మనిషి ముందు, కాదనడం అమర్యాద అని చెప్పాను. మర్యాద చేశారు, అంతే. ఆ ఊళ్ళో అలాగేనండి అనని ప్రాణులు గేదెలొక్కటే. ఆవిడ పిల్లల్ని పోగేసి చెరువు మూడు పక్కలా ముళ్ళకంప కట్టించి, వాటికి ఊరవతల గుంట చూపిస్తే, అవి కంప తొక్కుకుని మళ్ళీ వచ్చి తపస్సులో కూర్చున్నాయి. అందులో ముందున్నది రాయుడుగారి గేదె.

కాచకపోవడానికి కారణం మహలక్ష్మమ్మగారే విప్పి చెప్పారు.

"కాచిన నీళ్ళు బాలింతలకీ, జొరమొచ్చినవాళ్ళకీ కదండీ మేష్టారూ. రాయిలాంటి పిల్లలకి కాచి పోస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఆ ఇంట్లో ఏదో రోగముందంటారు. రేపు పిల్లల పెళ్ళిళ్ళవ్వద్దాండి?"

అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. నా బుర్రలో మెరుపులు దీపావళికొకటి మెరుస్తాయి, అందుకని దాన్ని వృథా చెయ్యదలచుకోలేదు. ఈ ఊరు ఏదైనా భరిస్తుంది గాని, గుమ్మంలోకి వచ్చిన మనిషి దాహంతో వెళ్ళిపోవడం భరించలేదు. ఇంకేం, కామయ్యగారి కొట్టు ముందు నిలబడి ప్రకటించేశాను. ఈ రోజునుంచి కారిన్‌గారు ఏ ఇంటికైనా, ఏ వేళనైనా వస్తారు, మంచినీళ్ళడుగుతారు. కాచినవైతే తాగుతారు. కాకపోతే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు.

ఆ సాయంత్రం వెదురుమెరక మీద లేచిన పొగ చూసి పక్కూరివాళ్ళు ఊరు తగలబడుతోందనుకుని పరిగెత్తుకొచ్చారంటే నమ్మండి. ప్రతి పొయ్యి మీదా నీళ్ళే. రాయుడుగారి వీధిలో వెండిగ్లాసులు బయటికి తీశారని తెలిసి, పడమటి వీధిలో నీళ్ళలో ఏలకులు వేశారు. ఏలకులు వేశారని తెలిసి తూర్పువీధిలో తులసి వేశారు. ఒకరింట్లో శొంఠి కూడా పడింది. కామయ్యగారు అమలాపురం మనిషిని పంపి కొత్త ఇత్తడి బిందె తెప్పించి, దాని మీద లేసు అల్లిన గుడ్డ కప్పించారు. కారిన్ అన్నిళ్ళకూ వెళ్ళింది, అన్నిళ్ళల్లోనూ తాగింది. రాత్రి పడుకుని ఒత్తిగిలితే కడుపులో గోదావరి చప్పుడు వినిపిస్తోందని చెప్పింది.

ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం మాకు పట్టాభిషేకమే. డాక్టరుగారు వస్తే ఏ వైపు తిరిగి, ఎంత నవ్వాలో కూడా నేను అద్దంలో చూసుకున్నాను. కారిన్ పొద్దున్నే లేచి వీధులన్నీ తిరిగి పొయ్యిల మీద ఆవిరి చూసి, ఇంటికొచ్చి గంతులు వేసేది.

గురువారం పొద్దున్న మహలక్ష్మమ్మగారి మనవరాలికి వాంతులు పట్టుకున్నాయి.

పిల్ల పేరు బుల్లి. ఐదేళ్ళుంటాయి. ముందురోజంతా కారిన్ వేలు పట్టుకుని తిరిగిన పిల్ల. కళ్ళు లోపలికి పోయి, చాపమీద వాడిపోయిన తోటకూర కాడలా పడుంది. కారిన్ దాని పక్కన కూర్చుని, ఏం నీళ్ళు తాగిందో అడగమని నన్ను అడిగింది. నేను అడిగాను.

"ఏం నీళ్ళేంటండి? చెరువు నీళ్ళే, ఎప్పుడూ తాగేవే" అన్నారు మహలక్ష్మమ్మగారు.

"మరి ఆ కాచిన నీళ్ళండి?"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "అవి కారినమ్మగారివి కదండీ. చుట్టానికని పెట్టినవి పిల్లలు ఎంగిలి చేస్తారా?"

మూలన ఎత్తుపీట మీద బిందె. మీద మూత, మూత మీద వెండిగ్లాసు. పిల్ల ఉన్న చాపకు నాలుగడుగుల దూరం. నేను ఆ ముక్కని ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరిచాను గాని, కారిన్‌కి నేను చెప్పక్కర్లేకపోయింది. లేచి వెళ్ళి ఆ బిందెలో నీళ్ళే గిన్నెలో పోసి, చిటికెడు ఉప్పు, చారెడు పంచదార కలిపి, చెంచాతో పిల్ల నోట్లో పొయ్యడం మొదలెట్టింది. కక్కితే కాసేపాగి మళ్ళీ. మహలక్ష్మమ్మగారు గోడకానుకుని ఆ చెంచానే చూస్తూ కూర్చున్నారు. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, నన్ను భోజనానికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఆ ఇంట్లో అలా జరగడం ఎప్పుడూ లేదట.

నేను ఊరు మీద పడ్డాను. తూర్పువీధి, పడమటి వీధి, ఎక్కడ చూసినా ఇదే కథ. కాచిన బిందె ఎత్తుపీట మీద, ఇంటిల్లిపాదీ చెరువు నీళ్ళ మీద. కామయ్యగారైతే పిల్లలు ముట్టుకుంటారని ఆ బిందెను గదిలో పెట్టి తాళం వేశారు. అద్దంలో చూసుకున్న నా నవ్వు గుర్తొచ్చింది. ఇంత పొగా ఒక్క మనిషి కోసమే.

సాయంత్రానికి బుల్లి కక్కడం ఆగింది. ముంజ కావాలని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని కారిన్ అరుగు మీదకొచ్చి నా పక్కన చతికిలబడింది. ఈ పిల్ల తేలింది గాని, శుక్రవారం ఒక్కరోజు దాటితే డాక్టరుగారు వస్తారు, ఊరు వదిలేస్తారు. కాలువలు వదిలేలోపు ఇంకెంతమంది చాపెక్కుతారో. ఉన్నట్టుండి కారిన్, ఈ ఊళ్ళో మంచి నీళ్ళు చుట్టాలకే కదా, అసలు చుట్టమంటే ఎవరు అని అడిగింది.

పక్కింటి నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడినా చుట్టమే అన్నాను. అవతలి వీధి నుంచి వచ్చినా? అవతలి వీధి నుంచి వస్తే మరీ చుట్టం, పంతమున్నచోట మర్యాద ఎక్కువ అన్నాను. చిన్నపిల్లలొస్తే? వాళ్ళూ చుట్టాలేగా అన్నాను. ఆవిడ అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటోంది.

శుక్రవారం పొద్దున్న ఊళ్ళో పిల్లలందరినీ చెరువుగట్టు మీద నిలబెట్టాం. మొహాలు కడిగించి, తలలు దువ్వించి, ఊరు ఎడంగా ఉంచిన కాలువ అవతల పేట పిల్లల్ని కూడా కలిపాం. తూర్పువీధి పిల్లలు పడమటి వీధికీ, పడమటి వీధి పిల్లలు తూర్పువీధికీ చుట్టాలుగా వెళ్ళాలి. గుమ్మంలో నిలబడి, చుట్టాలొచ్చామండీ, మంచినీళ్ళివ్వండి అనాలి. కాచినవేనా అండి అని తప్పకుండా అడగాలి. నేను మా స్కూల్లో ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు, ఏ పిల్లలూ అంత శ్రద్ధగా వినలేదు.

మొదటి దండు కామయ్యగారి ఇంటి మీద పడింది. ఆయన భార్య తలుపు తీసి చూస్తే గుమ్మంలో తూర్పువీధి మొత్తం నూనె రాసుకుని నిలబడి ఉంది. ఆవిడ భర్త వంక చూసింది. చెరువు నీళ్ళు పోస్తే సాయంత్రానికల్లా తూర్పువీధి అరుగుల మీద అదే మాట అవుతుంది. కామయ్యగారికి వ్యాపారం తెలుసు, ఏ సరుకు ఏ ధరకు పోతుందో తెలుసు. మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చేశారు.

మహలక్ష్మమ్మగారి ఇంటికి కారిన్ తనే వెళ్ళింది, వెనక పడమటి వీధి పిల్లలూ, పేట పిల్లలూ. వీధి పిల్లలు గ్లాసులతో తాగారు. పేట పిల్లలు మాత్రం ఎవరూ చెప్పకుండానే మెట్టు దిగి కింద నిలబడి దోసిళ్ళు పట్టారు. వాళ్ళకు చెంబుతో పైనుంచి పొయ్యడం అక్కడి అలవాటు. మహలక్ష్మమ్మగారు చెంబు పట్టుకుని వచ్చేసరికి, ఆ పిల్లల పక్కన ఇంకో జత చేతులు దోసిలి పట్టి ఉన్నాయి. తెల్లటి చేతులు.

"మీకు గ్లాసుందమ్మా" అన్నారు.

"చుట్టాలమండి" అంది కారిన్, దోసిలి దించకుండా.

మహలక్ష్మమ్మగారు లోపలికి వెళ్ళారు. నేను ఇంక మా పని అయిపోయిందనుకుని, సామాను ఎక్కడుందో వెతకసాగాను. ఆవిడ తిరిగొచ్చేసరికి చేతిలో చెంబు లేదు, గ్లాసుల పళ్ళెం ఉంది. ఎవరి వంకా చూడలేదు. అందరికీ పోశారు. తాగడం అయ్యాక, కూర్చోండి, అటుకులున్నాయి అన్నారు.

మధ్యాహ్నానికి ఊళ్ళో చుట్టాల బిందెలన్నీ బోర్లపడ్డాయి. మళ్ళీ పొయ్యిలు వెలిగాయి. పిల్లలు ఒకసారి రుచి మరిగారు, నీళ్ళది కాదు, మర్యాదది. గంటకోసారి చుట్టాలుగా బయలుదేరారు. కొందరు బొట్టు పెట్టుకుని వెళ్ళారు. ఒక పిల్లాడు, ఇంట్లో అందరూ కులాసాయేనా అండి అని కూడా అడిగాడట. కట్టెలెక్కణ్ణుంచి తెస్తాం అని కామయ్యగారు మొరపెట్టుకుంటే, రాయుడుగారు తన తోటలో ఎండుమట్టలు ఎవరైనా పట్టుకుపోవచ్చన్నారు. అవతలి వీధి వాడి మట్టలు మాకెందుకని కామయ్యగారు తన తోట కూడా తెరిచేశారు.

శనివారం పదకొండున్నరకి డాక్టరుగారు దిగారు. ఆయన అనుభవం ఉన్న మనిషి. మా నవ్వులు గాని, వీధుల్లో పొగ గాని పట్టించుకోలేదు. తిన్నగా మహలక్ష్మమ్మగారి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"చుట్టాల కోసం కాచిన బిందె వద్దండి. ఇంట్లోవాళ్ళు తాగే బిందె చూపించండి" అన్నారు.

కారిన్‌కి ఆ తెలుగు అర్థమైంది. ఆవిడ చెయ్యి నా చొక్కా మోచేతి దగ్గర పట్టుకుంది. పిల్లలు చుట్టాలుగా వెళ్ళినచోట కాచినవే తాగుతున్నారు సరే, మరి సొంత ఇంట్లో? ఆ సంగతి మేమిద్దరం చూసుకోలేదు.

మహలక్ష్మమ్మగారు ఆయన్ని విసుగ్గా చూశారు.

"ఇంకా రెండు బిందెలెక్కడివండి డాక్టరుగారూ? పొద్దస్తమానం చుట్టాలేనాయె. ఇదొకటీ అదొకటీ తోమలేక నా చేతులు పడిపోతున్నాయి. ఒకటి నిన్ననే అటకెక్కించేశాను."

"అయితే ఇంట్లోవాళ్ళు తాగేది?"

"అందులోవేనండి అందరూ. ఏం చేస్తాం మరి."

అటక మీద బోర్లించిన బిందె ఉంది. ఎత్తుపీట మీద ఒక్క బిందె ఉంది. బుల్లి ఒక మూల నుంచి వచ్చి, గ్లాసు ముంచుకుని, డాక్టరుగారి ఎదుటే గడగడా తాగేసి ఆడుకోడానికి పోయింది. ఆయన ఇంకో నాలుగిళ్ళు చూశారు. ఒకచోట మాత్రం ఇంకా రెండు బిందెలున్నాయి. కొత్తకోడలు ఉన్న ఇల్లు, తోమేవాళ్ళకు లోటు లేదు. ఆ ఇంటికి చుట్టాల్ని రెట్టింపు పంపమని కారిన్ పిల్లలకి అక్కడికక్కడే ఆజ్ఞ వేసింది.

డాక్టరుగారు వెళ్తూ, కాలువలు వదిలాక కబురు పంపు, అప్పుడు మనిషిని పంపి తీసుకెళ్తాను అని కారిన్‌తో అన్నారు. ఆ పిల్ల ఒక్క గెంతు గెంతి మహలక్ష్మమ్మగారిని రెండు చేతులా వాటేసుకుంది. కావలించుకోవడం అలవాటు లేని మహలక్ష్మమ్మగారు కొయ్యబారిపోయి, అరిటాకుల కట్ట చంకలో పెట్టుకుని అలాగే నిలబడి, అన్నాలకి లేవండమ్మా, చల్లారిపోతాయి అన్నారు.

నేను ఆదివారం పొద్దున్న బయలుదేరాను. ఇప్పుడావిడకి నా తెలుగు అక్కర్లేదు, తన తెలుగే ఊరికి ఎక్కువ నచ్చింది. మళ్ళీ అదే బండి, అదే కాలువగట్టు, అదే పంటు. ఈసారి గేదెల బదులు మేకలు. కోటిపల్లి నుంచి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వెళ్ళదలచినవాళ్ళు పొద్దున్న మొదటి పంటు పట్టుకోండి, ఇసుక కాలదు. ఒక్క పూట తిండి మానేసి మరీ వెళ్ళండి, వాళ్ళు ఆ లోటు పదింతలు పూడుస్తారు. మర్యాదలో మునిగిపోయి ఊపిరాడని ఊళ్ళు మన గోదావరి పక్కన చాలా ఉన్నాయి గాని, ఆ మర్యాదనే పిల్లలకు తాడులా అందించి ఒడ్డుకు లాగిన ఊరిని నేను అక్కడే చూశాను.

పక్క సీటులో ఒక రైతు, ఆయన భార్య. ఎక్కడనుంచి వస్తున్నారని అడిగితే చెప్పాను. ఆయన నవ్వాడు.

"మనకి నీళ్ళు తాగడం ఆ దేశం పిల్ల నేర్పాలాండి?"

"ఇవ్వడం మనకు బాగానే వచ్చండి. తాగడమే ఇప్పుడు మొదలెట్టాం" అన్నాను.

ఆయనకు నా మాట రుచించలేదు. రామచంద్రపురం దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఎండ మొహాన పడుతోంది. బస్టాండులో బస్సు ఆగినప్పుడు పెదవులు తడుపుకుని, నా ఒళ్ళో సీసా వైపు చూసి, రెండు గుక్కలు పోస్తారా అని అడిగాడు. మహలక్ష్మమ్మగారు దారికని నింపిచ్చిన సీసా అది. ఇచ్చాను. ఎత్తి పోసుకున్నాడు, ఒక గుక్క నోట్లో ఉంచుకుని కాసేపు చూశాడు, మింగాడు.

"తియ్యగా ఉన్నాయండీ. ఏ నూతివి?"

"వెదురుమెరక చెరువువండి."

"ఊరుకోండి" అని, నమ్మకుండానే, సీసా భార్య చేతికిచ్చాడు.